తెల్లకారు మీది నీలం గీత

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే బస్సులో, కార్లకు పాలిష్ పెట్టే ఒకతను నా పక్కన కూర్చున్నాడు పిల్లలూ. ఎంతసేపటికీ తల ఎత్తడం లేదు.

"ఏమైంది బిడ్డా?" అన్నాను.

"మొన్న ఓ తెల్లకారు మీద నీలం గీత ఉండె పెద్దమ్మా. గోడకు గీరుకున్నదన్నరు. ఊగుకుంట తిరిగే పాలిష్ మిషన్ పెట్టి జాడ లేకుంట తీసేసిన. ఇయ్యాల చూస్తే మా గల్లీ ఆయన నీలం స్కూటర్ నుజ్జునుజ్జయి ఉంది. తెల్లకారు గుద్దిపోయిందట. ఆయన దవాఖానల పడ్డడు."

"పోలీసు ఠాణల చెప్పరాదు?"

"చెప్పనీకే పోతున్న. కని అది మా సేటు దోస్తు కారు. చెప్తే నా పని పోతది."

"ఠాణ స్టేజీ" అన్నాడు కండక్టర్. నేను కాళ్లు పక్కకు జరిపి దారిచ్చాను. అతను లేవలేదు.

"ముందలికి ఇంకో టికెట్ ఇయ్యి" అన్నాడు, నా వైపు చూడకుండా.

నేనూ కాళ్లు మళ్లీ మునుపటిలా సర్దుకున్నాను.