మైనస్ ఎనిమిది

వరదప్ప సారు పదో తరగతికి వర్గ సమీకరణాలు మొదలుపెట్టేది ఎప్పుడూ చామంతి తోటతోనే. పొడవు వెడల్పుకన్నా మూడు గజాలెక్కువ, వైశాల్యం నలభై చదరపు గజాలు, వెడల్పెంత? ఐదనీ, మైనస్ ఎనిమిదనీ రెండు జవాబులొస్తాయి. తోటకు మైనస్ వెడల్పుండదు గనుక రెండోది కొట్టేయాలి. అక్కడ ఆయన చెయ్యి ఆగిపోతుంది. పన్నెండేళ్ల కిందట పుష్పావతి అనే పిల్ల, "కొట్టేసింది యాడికి పోతాది సార్?" అనడిగితే, "మీ ఇంటికే వస్తాది, సంగటి పెట్టు" అన్నాడు. తరగతంతా నవ్వింది. ఆ పిల్ల మళ్లీ బడికి రాలేదు.

ఈ శనివారం మోనిషా లేచి, "పాపం, దాన్నెందుకు కొట్టేయల్ల సార్?" అంది. పిల్లలు నవ్వారు. వరదప్ప నవ్వలేదు.

"మంచి ప్రశ్నమ్మా. రేపు బడికొస్తావు కదా?"

"రేపు ఆదివారం సార్."

సోమవారం గంట కొట్టకముందే ఆయన గేటు దగ్గర నిలబడి, బేరిగై ఊరి నుంచి వచ్చే బస్సు దిగే పిల్లల్లో మోనిషా ముఖం కోసం వెతుకుతున్నాడు.