ఏఈ గారికి చక్కెర లేని పాయసం

మొన్న నేనొక ఆఫీసరుకి భోజనం పెట్టిన సంగతి మీ దాకా వచ్చినట్టు లేదు. వచ్చి ఉంటే నా ఎదురుగా ఇంత నిమ్మళంగా కూర్చుని టీ తాగరు. ఆయన విస్తరి ముందు నుంచి లేచి నేరుగా ఖమ్మం దవాఖానాకి పోయాడు. వెంట నేనూ పోయాను. అక్కడ ఇద్దరికీ పరీక్షలు చేశారు. ఎవరికేం తేలిందో చెబితే నవ్వుతారు, అయినా చెబుతా.

ముందు నా సంగతి. నాకు షుగర్ ఉందని నిరుడు తేలింది. డాక్టరు గారు చాలాసేపు చెప్పారు. "టీలో పంచదార బదులు ఈ శాకరిన్ బిళ్ళ ఒకటి వేసుకోండి. అన్నం సగం తగ్గించండి. మామిడిపళ్ళు, మిఠాయిలు మానండి. రోజూ నడవండి." ఇందులో నాకు మొదటి మాట ఒక్కటే వినపడింది. చిన్న డబ్బా, అందులో బుల్లి బుల్లి తెల్లబిళ్ళలు. టీలో వేస్తే బుస్సుమని కరుగుతాయి. ఏన్కూరు హోటల్లో నలుగురి మధ్య ఆ డబ్బా తీసి బిళ్ళ వేసుకుంటుంటే, నాకు నేనే పెద్దమనిషిలా కనపడేవాణ్ణి. పొద్దుటి నుంచి ఇన్ని టీల్లో పంచదార మిగిల్చాను గదా అని సాయంత్రం రెండు లడ్డూలు తినేవాణ్ణి. ఇందులో తప్పేముందో నాకిప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.

మా ఆవిడ సుగుణకి ఆ డబ్బా అంటేనే పడదు. "పేపర్లో రాశారు. ఎలుకలకి అది తినిపిస్తే రోగాలొచ్చాయంట" అంది.

"నేను ఎలుకనా?" అన్నాను.

"లడ్డూలు ఎక్కడ దాచినా పట్టేస్తారు. ఇంకేం తేడా ఉంది?" అంది.

బిళ్ళలు చాలవన్నట్టు పొడపత్రి కూడా మొదలుపెట్టాను. మా వైపు అడవిలో దొరికే ఆకు, సంతలో కట్టలు కట్టి అమ్ముతారు. షుగర్‌కి మంచిదని అందరూ నములుతుంటారు. చేదుగా ఉంటుంది. అది నమిలాక చాలాసేపు నాలుకకి తీపి తెలియదు. పంచదార నోట్లో వేసుకుంటే ఇసుక వేసుకున్నట్టే. ఈ సంగతి మా ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలిసి కూడా నేనేం చేశానో వినండి.

మా చేలకి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మిరప పూత మీద ఉంది. మోటార్లన్నీ ఆగిపోయాయి, తోటలు తలలు వాల్చేస్తున్నాయి. ఇంకో వారం నీళ్ళు పడకపోతే ఈ ఏడు మిరప మీద ఆశ వదులుకోవాల్సిందే. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ రావాలంటే కరెంటాఫీసు ఏఈ గారు వచ్చి, పాతది కాలిందని కళ్ళతో చూసి, సంతకం పెట్టాలి. ఆయనేమో రేపు, ఎల్లుండి అని తిప్పుతున్నాడు. కాలిన వాసన ఊరంతా కొడుతున్నా, ఆయన చూస్తే గానీ అది కాలినట్టు కాదు.

చివరికి లైన్‌మన్ ఒక రహస్యం చెప్పాడు. "సారుకు షుగరున్నది. ఇంట్ల ఆమె తీపి ముట్టనియ్యదు. తీపంటే ఆయనకు పానం. చక్కెర లేకుండ తియ్యగ ఏమన్న చేసి పెడితే మీ పని అయినట్టే అనుకోరి."

పక్క చేను లచ్చయ్య నా వైపు తిరిగాడు. "చక్కెర లేకుండ తియ్యగ చేసుడు నీకు గాక ఎవలకి తెలుసు శేషన్నా?"

మిగతా రైతులంతా అవ్, అవ్ అన్నారు. అంతమంది నన్ను అంత ఆశగా చూడటం నా జన్మలో అదే మొదలు. ఒప్పేసుకున్నాను.

సుగుణ మాత్రం తెగేసి చెప్పింది. "పప్పు, గోంగూర, కోడికూర నేను వండుతా. ఆ బిళ్ళల పాయసం మీరే చేసుకోండి. ఆ గిన్నె నేను ముట్టను, రుచి కూడా చూడను."

లైన్‌మన్ పోయి భోజనానికి పిలిచాడు, మర్నాడు పొద్దున్నే ఏఈ గారు బయల్దేరాడని కబురొచ్చింది. అంత భోజనంలో నేనూ కూర్చుంటాను గదా అని, ముందుజాగ్రత్తగా పొడపత్రి రోజూ కంటే రెండింతలు నమిలాను. నమిలి, నేరుగా పొయ్యి దగ్గరికి పోయాను.

పాలు కాగాయి, సేమ్యా ఉడికింది, యాలకుల వాసన ఇల్లంతా కమ్ముకుంది. బిళ్ళలు కొన్ని నలిపి వేసి రుచి చూశాను. చప్పగా ఉంది. ఇంకొన్ని వేశాను. చప్పదనం పోలేదు. నకిలీ సరుకు అంటగట్టాడని మందుల షాపువాణ్ణి తిట్టుకుంటూ ఇంకో గుప్పెడు వేశాను. నోటికి కాస్త చేదు తగిలింది. ఆకు చేదులే అనుకున్నా. చేదు ఆకుదని గుర్తొచ్చినవాడికి, తీపి తెలియకపోవడం కూడా ఆకు పనేనని గుర్తు రావాలి గదా. రాలేదు. ఆఖరికి డబ్బా బోర్లించి, అడుగున ఉన్న పొడి కూడా దులిపాను.

ఏఈ గారు వచ్చాడు. కోడికూర రెండుసార్లు వేయించుకున్నాడు. అప్పుడు నేను గిన్నె తెచ్చి, "చక్కెర లేనిది సార్, మీ కోసమే" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. "మా ఇంట్ల వాసన గూడ చూడనియ్యరయ్యా" అంటూ చెంచా నిండా తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు.

అంతే, దవడ ఆగిపోయింది. చుట్టూ రైతులందరూ ఆయన నోటి వంకే చూస్తున్నారు. ఉమ్మలేడు. కళ్ళు మూసుకుని మింగేశాడు.

"ఎట్లుంది సార్?" అన్నాడు లచ్చయ్య.

ఆయన గ్లాసెత్తి నీళ్ళు తాగాడు. తాగి, గ్లాసులోకి తొంగి చూశాడు. "నీళ్ళు తియ్యగున్నయేంది?"

వేరే బిందెలోంచి ముంచి ఇచ్చాం. అవీ తియ్యగా ఉన్నాయన్నాడు. మజ్జిగ ఇచ్చాం. అదీ తీపేనట. లచ్చయ్య అదే బిందెలో నీళ్ళు తాగి చూసి, "తియ్యగ లేవు సార్, మంచిగనే ఉన్నయ్" అన్నాడు. ఆ మాట ఆయన్ని పూర్తిగా పడగొట్టింది.

"అంటే నాకొక్కనికే తియ్యగున్నయన్నట్టు. షుగరు నెత్తికెక్కింది. జల్దీ జీపు తియ్" అని డ్రైవరుని కేకేశాడు.

నేనూ జీపెక్కాను. ఆయనకేమన్నా అయితే ట్రాన్స్‌ఫార్మర్ సంగతి ఎవరు చూస్తారన్నది నా బెంగ. మనిషి మీద కూడా బెంగ ఉంది గానీ, అది రెండోది. దారిపొడుగునా ఆయన తన నాలుక తనే చప్పరించుకుంటూ, "ఇంకా తీపే" అంటూ వచ్చాడు.

ఖమ్మంలో నన్ను చూసే డాక్టరు గారి దగ్గరికే తీసుకుపోయాను. ఏఈ గారి మూత్రం గాజుగొట్టంలో నీలం మందుతో కలిపి కాచారు. చక్కెర ఉంటే రంగు మారుతుందట, నీలంగానే ఉండిపోయింది. "మీకేం కాలేదు, షుగర్ అదుపులోనే ఉంది, నిక్షేపంగా ఉన్నారు. ఏం తిన్నారు?" అన్నారు డాక్టరు గారు. ఏఈ గారు వేలితో నన్ను చూపించాడు.

పాయసం సంగతి, ఆకు సంగతి అన్నీ చెప్పాల్సి వచ్చింది. డాక్టరు గారు తల పట్టుకున్నారు. "అంత శాకరిన్ ఒక్కసారి తగిలితే చేదే తప్ప తీపి తెలియదు. నీళ్ళు తాగి కడిగేసరికి అప్పుడు తీపి పైకి తేలుతుంది. నీళ్ళలో ఏం లేదు, ఈయన ఒంట్లోనూ ఏం లేదు. ఎట్లాగూ వచ్చారు, మీదీ చూద్దాం" అన్నారు నాతో.

నా గొట్టం ఆకుపచ్చకి తిరిగింది, పసుపయింది, ఇటుక ఎరుపు దగ్గర ఆగింది. దానికి మించిన రంగు లేదు కాబట్టి ఆగింది.

"బిళ్ళ వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నానండి."

"అన్నం తగ్గించారా?"

నేను గోడ మీద బొమ్మ చూస్తున్నాను.

"మిఠాయిలు?"

"బిళ్ళ వల్ల మిగిలిన పంచదారకి సరిపడా మాత్రమేనండి."

ఏఈ గారు ఆ రోజుకి అప్పుడే మొదటిసారి నవ్వాడు. అక్కడే బల్ల మీద కాగితం పెట్టుకుని సంతకం పెట్టేశాడు. "చూసుడు లేదు, ఏం లేదు. కాలిందంటే కాలింది. మీ ఊరికి మాత్రం మళ్ళ నన్ను పిలవకు" అన్నాడు.

ఆ వారంలోనే ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. మోటార్లు తిరిగాయి, మిరప బతికింది. అది బిగించడానికి వచ్చిన లైన్‌మన్ మా అరుగు మీద కూర్చుని మెల్లగా అడిగాడు. "సారింటామె అడగమన్నది. ఆ పాయసం ఎట్ల చేస్తరు? ఆ రోజు సంది సారు తీపి పేరే ఎత్తుతలేడంట. ఎన్ని గోలీలు వెయ్యాలె?"

"డబ్బా ఖాళీ అయ్యేదాకా" అన్నాను.

లోపల్నుంచి సుగుణ ఈ మాటలన్నీ వింది. నిన్న ఖమ్మం నుంచి కొత్త డబ్బా తెప్పించింది. ఇవాళ పొద్దుట నా పొడపత్రి కట్ట ఎక్కడో దాచేసింది. నేను బయల్దేరేటప్పటికి పొయ్యి మీద పాలు పెట్టి, సేమ్యా వేయిస్తోంది. అందుకే టీకని మీ ఇంటికి వచ్చాను. భోజనం కూడా ఇక్కడే చేస్తా, ఏమనుకోకండి.