కాటా మీది అతుకు

అద్దంకి పత్తి మిల్లులో కాటా కంప్యూటరు చూసే శరణ్య గెలిచిన తగువును, బోరేలకు అతుకులేసే పిచ్చమ్మ కళ్లారా చూసింది. "కొత్త తూకం ప్రోగ్రాములో నీ అతుకెందుకమ్మా?" అంటూ, ఆమె అందులో చేర్చిన నాలుగు వరుసల కోడునీ ఇంజినీరు తీసేశాడు. శరణ్య పత్తి బోరెం కాటాకెక్కించింది. అది ఊగుతుండగానే కంప్యూటరు తూకం రాసేసుకుంది, ఆరు కిలోలు తక్కువ. "కాటా నిలిచేదాకా ఆగమనేదేనండీ నా అతుకు," అంది శరణ్య. "ఏం నాయనా, నోరు పడిపోయిందా?" అని పిచ్చమ్మ చేతులు తిప్పుతూ ఇంజినీరు మీద అందుకుంది.

ఆ కంప్యూటరును నడిపే లినక్సులో ప్రోగ్రాములన్నీ మూల కోడు నుంచి అక్కడికక్కడే తయారుచేసుకోవాలి. కొత్తది వచ్చినప్పుడల్లా శరణ్య జడ ముడేసి, పెన్ను కొరుకుతూ, తన నాలుగు వరుసలూ మళ్లీ అందులో కుదురుస్తుంది. మొన్న పొద్దుగూకేవేళకి పని తెమిలింది. అతుకు నిలిచిందో లేదో తేల్చుకోవాలి. నవ్వుతూ వచ్చి పిచ్చమ్మ చెయ్యి పట్టుకుంది.

"మామ్మా, కాటా ఎక్కి ఆ ఇంజినీరుని తిట్టినట్టు నన్ను తిట్టవా? ఈ మిల్లులో నీ అంత కుదురులేని బరువు ఇంకోటి లేదు."