నది కనబడే రూము

మెదక్ బస్టాండు నుంచి రాందాస్ చౌరస్తా వైపు వచ్చే దారిలో ఉన్న ఆ విత్తనాల దుకాణం బోర్డు మీద పేరు కరుణాకర్‌ది. కౌంటరు మాత్రం ఆయన భార్య స్నేహలతది. టేక్మాల్ వైపు నుంచి వచ్చే రైతు ఎవరైనా సరే, "అక్క చూసిందా?" అని అడగందే ప్యాకెట్టు చేతిలోకి తీసుకోడు. అక్క చూడటమంటే పైపైన చూడటం కాదు. ప్యాకెట్టును వెలుగుకు పట్టి చూస్తుంది. మీద అంటించిన మెరుపు బిళ్ళను గోటితో గీకుతుంది. కుట్టు దారం లాగుతుంది. అప్పటికీ మనసొప్పకపోతే వంద గింజలు తీసి తడి గోనెపట్టాలో చుట్టి ఐదు రోజులు పక్కన పెడుతుంది. ఆరో రోజు పట్టా విప్పి మొలకలు లెక్కబెడుతుంది. ఎనభైకి తగ్గితే ఆ సరుకు వచ్చిన లారీలోనే వెనక్కి పోవలసిందే.

ఒక ఏడు నకిలీ పత్తి విత్తనాలు జిల్లా మీద పడి ఎంతోమంది డీలర్ల పరువు తీశాయి. ఈ దుకాణం గడప మాత్రం తొక్కలేకపోయాయి. కంపెనీల వాళ్ళు వెనక "అనుమానాల స్నేహలత" అని నవ్వుకుంటారని ఆమెకు తెలుసు. నవ్వుకోనీ అనుకునేది. ఇంత తెలివిగల మనిషి ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఒక్క సరుకును మాత్రం గీకి చూడలేదు. అది కట్టుకున్నవాడు. ఆ ముచ్చట మొన్న మార్చి నెలలో వచ్చింది.

ఏడాదికి పెట్టిన లక్ష్యం దాటిన డీలర్లను కంపెనీ ఫారిన్ టూరు తీసుకుపోవడం ఈ వ్యాపారంలో ఆనవాయితీ. ఫారిన్ అంటే చాలామటుకు బ్యాంకాక్. ఎప్పుడూ మగవాళ్ళే పోయేవారు. వచ్చేటప్పుడు నొప్పుల మందు డబ్బాలు, చాక్లెట్లు, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వే నవ్వులు తెచ్చేవారు. కరుణాకర్ రెండుసార్లు పోయివచ్చాడు. ఎనిమిదేళ్ళ కింద ఒకసారి, ఆ తర్వాత రెండేళ్ళకు ఇంకోసారి. బజారులో ఆయనకు "బ్యాంకాక్ సేటు" అనే పేరు అలాగే వచ్చింది.

ఈసారి కిందటేడే ఈ ఏరియాకు బదిలీ అయి వచ్చిన సేల్స్ ఆఫీసరు ప్రశాంత్ దుకాణానికి వచ్చి కొత్త మాట చెప్పాడు.

"మేడం, ఈసారి కపుల్స్ టూర్. జంటలే పోవాలె. నది మీద పడవల డిన్నర్, క్యాండిల్ లైటు, మ్యూజిక్కు. మస్తుంటది. నాలుగోరోజు మాత్రం ఫ్రీ. ఆ రోజు మన జిల్లా ఆరు జంటలకు ప్లానింగంతా సార్ మీదనే పెట్టినం. రెండుసార్లు పోయొచ్చిండు గద, ఆ ఊరు గల్లీ గల్లీ ఎరుకుంటది."

స్నేహలత మొగుడి వైపు చూసింది. సంబరపడవలసిన మనిషి దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. నుదుటి మీద చెమట. చేతిలో ఉన్న ఛాయ్ గ్లాసు కౌంటరు మీద పెట్టబోయి బిల్లుబుక్కు మీద పెట్టాడు.

"నాకెందుకయ్యా, రత్నాకర్‌కు చెప్పుండ్రి," అన్నాడు. రత్నాకర్ చేగుంటలో డీలరు, కరుణాకర్‌కు చిన్ననాటి దోస్తు, రెండు టూర్లలోనూ తోడు.

"రత్నాకర్ సారే మీ పేరు చెప్పిండు," అన్నాడు ప్రశాంత్ నవ్వుతూ.

ఆ చెమట చూసినప్పుడే స్నేహలత గోరు దురద పెట్టింది. పెళ్ళాన్ని వెంట తీసుకుపోవాలనగానే వణికిపోయాడంటే, అక్కడ పెళ్ళానికి కనబడకూడనిది ఏదో ఉన్నట్టే కదా! అనుమానం పెనుభూతమంటారు. భూతమైతే వేపమండలతో పోతుంది. ఇది ఆమెతో పాటు అన్నం తిన్నది, ఆమెతో పాటు కౌంటరు మీద కూర్చున్నది.

ఆమెకు అసలు బాధ బ్యాంకాక్ గురించి కాదు. ఆ రెండు టూర్లలో కరుణాకర్ రోజూ సాయంత్రం ఏడింటికి ఫోను చేసేవాడు. ఇంట్లో ఉన్నప్పుడు రెండు మాటలకు మూడో మాట మాట్లాడని మనిషి, అక్కడి నుంచి అరగంట మాట్లాడేవాడు. "రూముల నుంచి నది కనవడుతుంది స్నేహా. లైట్లు నీళ్ళల్ల వడి ఊగుతున్నయ్. నువ్వుంటే బాగుండు. ఒక్కసారన్న నిన్ను తోల్కొస్త," అనేవాడు. ఐదూ ఐదూ పది సాయంత్రాలు. తన కాపురంలో మొగుడు తనతో ప్రేమగా మాట్లాడింది ఎప్పుడని ఎవరైనా అడిగితే, ఆమె చూపించగలిగినవి ఆ పదే. ఇప్పుడు ఆ పది గింజలూ పుచ్చువేమోనని ఆమె భయం.

పోని అడిగేద్దామా? ముఖం మీద అడిగితే ఏ డీలరు నిజం చెప్పాడని! తడి పట్టాలో చుట్టి పెట్టాలి. ఆమె అదే చేసింది. రోజుకొక ప్రశ్న, నీళ్ళు చిలకరించినట్టు.

మొదటిరోజు బ్యాంకాక్ టూర్ల పాత ఫోటోలు తీసింది. రత్నాకర్ ఉన్నాడు, చేగుంట వాళ్ళున్నారు, తూప్రాన్ వాళ్ళున్నారు, ఏనుగు కూడా ఉంది. కరుణాకర్ ఒక్క దాంట్లోనూ లేడు.

"నువ్వు ఎందుకు లేవు?"

"ఫోటోలు దీసింది నేనే గద," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

రెండోరోజు రత్నాకర్ భార్య లలితమ్మకు ఫోను చేసి, అటూ ఇటూ మాట్లాడి, హోటలు ముచ్చట తీసింది. "నది గిది ఏం లేదట వదినా, రూముల నుంచి చూస్తె కార్లు, బిల్డింగులే అన్నడు మా ఆయన," అంది లలితమ్మ. మరి కరుణాకర్‌కు ఏ రూములోంచి నది కనబడింది? ఎవరి రూములోంచి?

మూడోరోజు ఆయన నోటుబుక్కు దొరికింది. ఫ్రీ రోజు ప్లానింగు రాసుకున్నాడు పాపం. యూట్యూబులో చూసి రాసినట్టు తెలుస్తూనే ఉంది. పంటకు మందు కొట్టే పద్ధతి రైతులకు రాసిచ్చే అలవాటు ఆయనది. ఇదీ అలాగే ఉంది. "ఉదయం: గుడి దర్శనం. మధ్యాహ్నం: పడవ. సాయంత్రం: దంపతులు నది ఒడ్డున చేతులు పట్టుకొని నడుచుట, ఇరవై నిమిషాలు. ఎండ ఎక్కువ ఉన్నచో పది." ఇంకొకప్పుడైతే ఆమె కడుపు పట్టుకుని నవ్వేది. రెండుసార్లు చూసివచ్చిన ఊరికి ఈ కాపీ రాత ఎందుకని ఆలోచిస్తూ పేజీ మూసింది.

నాలుగోరోజు ప్రశాంత్ ఫోను చేసి పాస్‌పోర్టుల జిరాక్సులు అడిగాడు. కరుణాకర్ గోదాములో ఉన్నాడు. స్నేహలత బీరువా తీసింది. బ్యాంకాక్ ముద్రలు రెండే ఉండాలి, మూడోది ఉందేమో, నాలుగోది ఉందేమో, తనకు చెప్పకుండా ఇంకెప్పుడైనా పోయాడేమో అని పేజీలు తిప్పింది. ఒకసారి తిప్పింది, మళ్ళీ తిప్పింది. వెలుగుకు పట్టి చూసింది.

ఒక్క ముద్ర కూడా లేదు. అట్ట తళతళలాడుతున్నది.

ఆమె మంచం మీద కూలబడింది. పదిరోజులు. బ్యాంకాక్ పోలేదు, ఇంట్లో లేడు. ఎక్కడున్నట్టు? ఎవరి దగ్గర ఉన్నట్టు? అప్పుడు గుర్తుకొచ్చింది. ఒకనాటి ఫోనులో వెనక నుంచి ఎవరో బస్సు కండక్టరులా "కోఠీ, కోఠీ, కోఠీ" అని అరిచారు. అదేందంటే, "మనోళ్ళు తెలుగు సిన్మా వెట్టుకున్నరు," అన్నాడు. తాను నమ్మింది. ఊరందరి సరుకునూ గీకి చూసే తాను ఆ మాటను గీకలేదు. హైదరాబాదులో ఇంకో ఇల్లుందన్న మాట! ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పాస్‌పోర్టు సంచిలో వేసుకుని దుకాణానికి నడిచింది.

మధ్యాహ్నం గిరాకీ లేని వేళ. షట్టరు సగం దించి, పాస్‌పోర్టు ఆయన ముందు విసిరేసింది.

"ఏడ ఉన్నవ్ పదిరోజులు? ఎవతె ఆమె?"

కరుణాకర్ యూరియా బస్తా మీద కూర్చుండిపోయాడు.

"ఆమె లేదు, ఈమె లేదు. ఏర్‌పోర్ట్ల లైన్ల నిలవడ్డ. అద్దాలల్లకెళ్ళి ఇమానం కనవడ్డది. కాళ్ళు వణికినయ్, ఊపిరి ఆడలే. బైటికొచ్చిన. రెండోసారన్న ఎక్కుత అనుకున్న. గప్పుడు గూడ అంతే."

"ఇంటికి రావొద్దా?"

"ఇమానానికి భయపడి వచ్చిండని తెలిస్తే మెదక్ బజార్ల తిరగనిస్తరా? ఎవలకు చెప్పొద్దని ఎంబడి వచ్చినోళ్ళందరితోని రత్నాకరే ఒట్టు వెట్టిచ్చిండు. గిప్పుడు నా పేరు చెప్పింది గూడ గా అబద్ధం నిలవెట్టనీకే. గా నొప్పుల మందు, చాక్లెట్లు, ఫోటోలు ఆయన తెచ్చిచ్చినయే. అఫ్జల్‌గంజ్ల మూసీ పొంటి లాడ్జిల ఉన్న."

ఇంత పెద్దమనిషి చిన్నపిల్లాడిలా తల దించుకుంటే ఎవరికైనా జాలి వేస్తుంది. స్నేహలతకు వేయలేదు. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు, ఇదీ అతికినట్టే ఉంది, అదే ఆమె అనుమానం. నకిలీ ప్యాకెట్టు అసలు దానికంటే నున్నగా ఉంటుందని ఆమెకు ఎన్ని ఏళ్ళ అనుభవం!

"ఐతారం నాడు పోదాం. గా లాడ్జి నాకు చూపియ్యి," అంది.

ఆదివారం పొద్దున బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అఫ్జల్‌గంజ్‌లో దిగాక ఆయన ఒక పాత మేడను దూరం నుంచి చూపించాడు.

"నువ్వు రావొద్దు. గా బ్రిడ్జి మీద నిలవడు. ఆడికెళ్ళి సైగలు గీగలు చేస్తివో, మంచిగుండదు," అంది.

లాడ్జి కింద గదిలో బల్ల వెనక గడ్డం నెరిసిన మేనేజరు కూర్చుని ఉన్నాడు. స్నేహలత ఫోనులో మొగుడి ఫోటో చూపించింది. ఎవరని చెప్పలేదు, ఎందుకని చెప్పలేదు.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. మొహం విప్పారింది. "అరే, నది రూం సాబ్!"

"ఏం రూం?"

"వెనక దిక్కు రూం అమ్మా. మూసీ కనవడ్తది. వాసన, దోమలు, ఎవ్వరు అడగరు. నేను ముంగట రూం ఇస్తనంటే వద్దన్నడు. నదే కావాలన్నడు. రెండేండ్లకు మళ్ళొచ్చి మళ్ళ గదే రూం అడిగిండు. గసొంటి మనిషిని ఎట్ల మరుస్తం?"

స్నేహలత బల్ల మీదికి వంగింది. "ఎంబడి ఎవరున్నరు?"

"ఎవ్వర్లేరు. ఫోన్ ఒక్కటుంటుండె. రోజు సాయంత్రం ఏడైతే చాలు, కిటికీ కాడ నిలవడి ఇంటిదానితోని మాట్లాడుతుండె. వరండాలకెళ్ళి వినవడుతుండె. ఒకసారి నేనే పరాచికంగ అడిగిన, 'మా మూసీల లైట్లు ఏడున్నయి సాబ్, ఎందుకు ఝూట్ చెప్తున్నవ్' అని." మేనేజరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "'మా ఇంటామెకు నకిలీ మాల్ ఇట్టె దొరకవడ్తది భాయ్. అన్ని అబద్ధాలే చెప్పవడితి. నది ఒక్కటన్న ఎదురుంగ ఉండాలె' అన్నడు. 'మిగిలిన ముచ్చట్లో?' అని అడిగిన. 'గవి అబద్ధాలు గావు' అన్నడు."

ఇంకో ఆడదాన్ని చూడటానికి సిద్ధపడి వచ్చింది స్నేహలత. ఎలా తిట్టాలో, ఎవరిని పిలవాలో బస్సులో కూర్చుని అన్నీ అనుకుంది. ఆ తిట్లు ఒక్కటీ ఇక్కడ పనికిరాలేదు. తన మొగుడు ప్రపంచంలో రెండింటికే భయపడ్డాడు. ఒకటి విమానం, రెండోది తన గోరు. ఇంట్లో ఆయన మూడో మాట ఎందుకు మాట్లాడడో ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఏ మాట అన్నా వెలుగుకు పట్టి చూసే మనిషి ఎదుట ఎవరు నోరు విప్పుతారు? సిగ్గుతో ఆమె మొహం వేడెక్కింది. ఆ రూము ఒకసారి చూస్తారా అని మేనేజరు అడిగితే, వద్దని తల ఊపి బయటికి వచ్చింది.

కరుణాకర్ బ్రిడ్జి మీద పిట్టగోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. పరీక్ష రాసి ఫలితం కోసం చూసేవాడిలా ఆమె మొహమే చూస్తున్నాడు. కింద మూసీ నల్లగా పోతున్నది. ఆమె దగ్గరికి వచ్చేసరికి సంచిలో ఫోను మోగింది. లలితమ్మ.

"వదినా, పడవల డిన్నర్‌కు పట్టుచీర గట్టాల్నా, మామూలుదా? అన్నను అడుగు జర, ఆయనకే గద తెలుసు."

లలితమ్మకు చెప్పిన మాట మధ్యాహ్నానికల్లా చేగుంట నుంచి మెదక్ దాకా చేరుతుంది. స్నేహలతకు అది బాగా తెలుసు. ఒక్క నిమిషం మొగుడి వైపు చూసింది. ఆయన పిట్టగోడను గట్టిగా పట్టుకున్నాడు.

"మేం వస్తలేం వదినా," అంది. "నాకే భయం. ఇమానం పేరు చెప్తేనే నాకు కాళ్ళు వణుకుతున్నయ్. ఆయనకేంది, రెండుసార్లు పోయొచ్చిన మనిషి. రమ్మని ఎంత బతిమిలాడిండు! నేనే వద్దన్న. నవ్వుకుంటె నవ్వుకోండ్రి."

ఇరవై ఆరేళ్ళలో ఆమె చేతి మీదుగా బజారులోకి పోయిన నకిలీ సరుకు అదొక్కటే. చెబుతున్నప్పుడు గొంతు కొంచెమైనా తడబడలేదు. కరుణాకర్ నది వైపు తిరిగి భుజానున్న తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

ఆమె ఫోను సంచిలో వేసి, అటూ ఇటూ చూసి, తెలిసినవాళ్ళెవరూ లేరని నమ్మకం కుదిరాక, చేయి చాపింది.

"ఇరవై నిమిషాలని రాసినవ్ గద, నడువు. మబ్బు వట్టింది, ఎండ గూడ లేదు. పది అంటే ఊకోను."