అన్నీ ఫ్రీయేనండి

రామచంద్రపురంలో మేం అద్దెకున్న ఇంటి ఓనరుగారికి టీవీ చూసే సరదా లేదు. ఉచితంగా ఎన్ని చానెళ్లు వస్తాయో తేల్చడమే ఆయన పని. డాబా ఎక్కి డిష్‌ను వెంట్రుకవాసి తిప్పి, కింద టీవీ ముందు కూర్చున్న భార్యను "వచ్చిందా?" అని కేకేసేవారు.

"ఉన్నదీ పోయిందండీ!" అనేవారావిడ. పోయింది ఆవిడ సీరియలే.

ఏ భోజ్‌పురి చానెలో తగిలితే మాత్రం మెట్లు దిగుతూనే మాకు చాటేవారు: "ఫ్రీ అండి! పైసా కట్టక్కర్లేదు!" ఆ భాషలో ఆయనకు ఒక్క ముక్క రాదు.

ఒకరోజు సిగ్నల్‌కి పెరట్లో కొబ్బరిచెట్టు అడ్డమని తేల్చారు. కొబ్బరిచెట్టును పెద్దకొడుకంటారు మా వైపు. నిండు కాపు మీదున్న ఆ పెద్దకొడుకును ఈ మహానుభావుడు మొదలంటా నరికించేశారు. సాయంత్రానికి కొత్తగా మూడు చానెళ్లు వచ్చాయి. మూడింట్లోనూ పొద్దస్తమానం వంటసామాన్ల అమ్మకమే.

మర్నాడు గుమ్మంలో నిలబడి "అన్నీ ఫ్రీయేనండి" అని మాతో గొప్పలు పోతున్నారు. చట్నీ కోసం కొట్టుకెళ్లిన ఆవిడ అప్పుడే తిరిగొచ్చారు. కొనుక్కొచ్చిన కొబ్బరికాయను ఆయన చేతిలో పెట్టారు.

"ఇదీ నిన్నటిదాకా ఫ్రీయేనండి."