మా కండక్టరత్త దింపేసిన పురుగులు

మా మేనత్త రిటైరయ్యేదాకా సిటీ బస్సులో కండక్టరు. ఉద్యోగం అయిపోయినా గొంతు మాత్రం రిటైరవలేదు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. అయినా ఆమె అన్నానికి పిలిస్తే పక్క వీధి వాళ్లు కూడా చేతులు కడుక్కోవాల్సిందే.

డాబా మీద పాత బకెట్లలో చిక్కుడు పాదులు పెంచుతుంది. బస్సు దిగాక ఆమెకు మిగిలిన రాజ్యం అదొక్కటే. ఈ ఏడు వాటికి పేనుబంక పట్టింది. లేత కొమ్మల మీద నల్లటి పేలలాంటి పురుగులు, కాలు పెట్టే సందు లేకుండా. కింద వాటాలో ఉండే ఓనరమ్మ మెట్ల మీద నుంచే తీర్పు చెప్పేసింది.

“ఇదిగో కండక్టరమ్మా, నీ పురుగులు నా గులాబీలక్కూడా పట్టాయి. ఆదివారం మందు కొట్టే అతను వస్తాడు. నీ చిక్కుళ్లకీ కొట్టిస్తా. వద్దంటావా, బకెట్లు తీసెయ్.”

“ఆ మందు కాయలు మీరు తింటారా?”

“నాకెందుకమ్మా నీ కాయలు!”

మందు పడితే కాయ ముట్టనని అత్త పంతం. ఆ రోజే చెకింగ్ మొదలుపెట్టింది. పేనుబంక మరీ చిన్నది, కళ్లజోడు పెట్టినా ఆమె కంటికి ఆనలేదు. ఆనినవి వేరే. నల్లగా, ఒంటినిండా ముళ్లతో, బుల్లి మొసళ్లలా పాకుతున్నాయి.

“చూశావుటే ఆ మొహాలు! టికెట్ లేనివాళ్ల మొహాలు నాకు తెలీవూ?”

ఒక్కొక్కదాన్నీ ఆకుతో ఎత్తి డబ్బాలో వేసింది. చంపలేదు. మధ్యాహ్నం ఓనరమ్మ కునుకు తీసే వేళ చూసి, పిట్టగోడ మీంచి ఆమె గులాబీల మీదికి దులిపేసి, హాయిగా పడుకుని గురక పెట్టింది.

వారం తిరగకముందే పేనుబంక రెట్టింపయింది. చిక్కుడు చిగుళ్లు ముడుచుకుపోయాయి. శనివారం పొద్దున ఓనరమ్మ వెలిగిపోతున్న మొహంతో పైకి వచ్చింది.

“నా గులాబీలు చూశావా? ఎక్కణ్ణుంచి వచ్చాయో ఏమో, నల్ల ముళ్ల పురుగులు పేనుబంకనంతా బొక్కేశాయి! కొన్ని అప్పుడే అక్షింతల పురుగులైపోయాయి, ఎర్రగా, చుక్కలతో.”

అత్త నా వైపు చూసింది. నేను బకెట్ల వైపు చూశాను.

“అవి నావి,” అంది అత్త.

“నీవేంటి? వాటి మీద నీ పేరుందా?”

“నేనే దులిపాను. మీ మీద ఒళ్లు మండి.”

“అంటే, నా మొక్కలు పాడుచేద్దామనా!”

“అవును. బాగుపడ్డాయి కదా, ఇంకా అరుస్తారేం? సగం నాకిచ్చెయ్యండి.”

“ఇవ్వను. నువ్వు రేపు మందు కొట్టించుకో.”

“కొట్టించండి. పైన కొట్టింది కిందికే కారుతుంది. మీ పురుగులు కూడా చస్తాయి.”

ఓనరమ్మ పిట్టగోడ మీంచి వంగి తన గులాబీలను చూసుకుంది.

“సరే, అతన్ని రావద్దంటాను. కానీ మర్యాదగా అడుగు.”

అత్త నేల చూపులు చూస్తూ, “దయచేసి కాసిని పురుగులిప్పించండి,” అంది.

ఓనరమ్మ కిందికి వెళ్లి గిన్నెతో వచ్చింది. అడుగున కొద్దిగా పురుగులున్నాయి. బలిసినవన్నీ తానే ఉంచేసుకుంది.

“ఇవేం పురుగులండీ, ఈసురోమంటున్నాయి!”

“నీ దగ్గర తిండికేం తక్కువ? మేపుకో.”

అత్త వాటిని ఒక్కొక్కటిగా చిక్కుడు కొమ్మ మీదికి ఎక్కించింది. మొదటిది పేనుబంకలో తల దూర్చేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. పక్కనే ఓనరమ్మ కూడా.