మంట బొమ్మ వేసిన క్యాను

తుఫాను కబురు వినగానే పర్చూరు దగ్గర మిరప రైతు పేరయ్య తువ్వాలు భుజానేసుకుని, చేలో నీళ్లు తోడే ఇంజనుకని పెట్రోలుబంకుకి బయల్దేరతాడు. చేతిలో ఐదు లీటర్ల ఇనప క్యాను. మూతి దాకా పోయనివ్వడు, లోపల ఆవిరికి చోటుండాలంటాడు. తెచ్చాక ఇంటి గడప దాటనివ్వడు. పెరటి చివర, పొయ్యికి దూరంగా కట్టుకున్న రేకుల కొట్టులో నీడన పెట్టి, పక్కన ఇసుక బకెట్టు ఉంచి, తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకి కట్టుకుంటాడు. అయినా మనసాగక, మూత బిగిసిందో లేదోనని మళ్లీ వెళ్లి తాళం తీసి చూస్తాడు.

మొన్నటి తుఫానుకి పక్కింటి అనూష కూల్‌డ్రింకు సీసాతో వచ్చింది. "పెదనాన్నా, బంకు మూసేశారు. బండిలోకి ఓ లీటరు పొయ్యవా?" పేరయ్య ఆ సీసా అందుకుని కాలికింద వేసి నలిపేశాడు. చిన్న ఇనప డబ్బాలో పోసి ఇచ్చాడు. డబ్బా మీదా, క్యాను మీదా ఎర్రరంగుతో మంట బొమ్మ.

"ఈ బొమ్మలేంటి? పెట్రోలు అని రాస్తే పోయేదిగా!" అని నవ్విందా పిల్ల.

పేరయ్య తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. నాలుగేళ్ల కిందట ఇలాంటి ముసురులోనే, తడిసిన పత్తికట్టె రాజుకోకపోతే, ఆయన భార్య సుబ్బరావమ్మ కిరసనాయిలనుకుని వంటింటి గూట్లోని సీసా పొయ్యిలో వంపింది. ఆ మంటల్లోనే పోయింది.

"రాశానమ్మా," అన్నాడు. "ఆ సీసా మీద పెట్రోలు అని పెద్దక్షరాలతో రాసే పెట్టాను. మీ పెద్దమ్మకి చదువు రాదు."